సపోర్ట్ చేస్తుందని రాసుంది, కానీ డిస్‌ప్లే రాలేదు: ఐ7-14700కి రెండుసార్లు బోర్డు మార్చిన కేసు

పోయిన ఆషాఢంలో ఒక అట్టపెట్టె మా షాపు కౌంటర్ మీదికి వచ్చింది. తెచ్చింది జనగామ వైపు పెళ్లి వీడియోలు తీసే కుర్రాడు, ఎడిటింగ్ కూడా తనే చేసుకుంటాడు. నా షాపు హనుమకొండలో. వీడియోల వాళ్లు సిస్టమ్ పనులు ఏవున్నా ఆషాఢంలోనే పెట్టుకుంటారు, ముహూర్తాలు ఉండవు కాబట్టి చేతిలో నాలుగు రోజులు టైముంటుంది, శ్రావణం వచ్చిందంటే మళ్లీ వాళ్లకి ఊపిరాడదు. "అన్నా, అన్నీ కొత్త సామాన్లే, రెండు రోజుల్నుంచి కుస్తీ పడుతున్నా, డిస్‌ప్లే వస్తలేదు, జర చూడు" అన్నాడు.

పెట్టె విప్పి ఒక్కొక్కటీ టేబుల్ మీద పెట్టాను. ఇంటెల్ ఐ7-14700 ప్రాసెసర్, సీల్ తీసేశాడు. ఒక హెచ్610 మదర్‌బోర్డు, డీడీఆర్4 రకం. 16 జీబీవి రెండు ర్యామ్‌లు, డీడీఆర్5 రకం. కొత్త 2 టీబీ జెన్4 ఎస్‌ఎస్‌డీ. ఇక పాత సిస్టమ్‌లోంచి పీకినవి: ఆర్టీఎక్స్ 3060 కార్డు, ఒక 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, పాత పెళ్లిళ్ల డేటా ఉన్న నాలుగు హార్డ్ డిస్కులు, 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు సప్లై డబ్బా), ఒక టవర్ కూలర్. క్యాబినెట్ ఇంకా బయట ఆటోలోనే ఉంది.

ఈ పని చేసేవాళ్లకి తప్పు ఎక్కడుందో పై పేరా చదువుతుండగానే దొరికి ఉంటుంది. అతనికి దొరకలేదు, దొరకాలని కూడా లేదు, అతని పని అది కాదు కదా. ప్రాసెసర్, బోర్డు కలిపి ఆన్‌లైన్‌లో ఎవరో కాంబోగా పెడితే తీసుకున్నాడు, ర్యామ్ ఇంకోచోట ఆఫర్‌లో కొన్నాడు. ఫోన్ తీసి బోర్డు పేజీ చూపించాడు, "ఇగో అన్నా, 14వ జనరేషన్ సపోర్ట్ అని రాసుంది". రాసుంది, నేనూ చదివాను, అందులో అబద్ధం ఏమీ లేదు. గొడవంతా ఆ సపోర్ట్ అనే మాటతోనే. నా లెక్కలో ఆ మాటకి మూడు మెట్లున్నాయి: ప్రాసెసర్ సాకెట్‌లో పడుతుందా, పడ్డాక సిస్టమ్ లేస్తుందా, లేచాక లోడు మోస్తుందా. పేజీ మీద రాసేది మొదటి మెట్టు గురించి, కాస్త నిజాయితీ ఉంటే రెండో మెట్టు గురించి. మూడోదాని గురించి ఎవరూ రాయరు.

ముందు ర్యామ్ సంగతి తేల్చాను. డీడీఆర్4కి, డీడీఆర్5కి రెండింటికీ 288 పిన్నులే, పొడవు కూడా ఒకటే, చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు. తేడా కింద అంచులో ఉండే గాటులో ఉంటుంది, రెండింటి గాట్లూ ఒకచోట ఉండవు. స్లాట్ లోపల ఆ గాటుకి సరిపోయేలా చిన్న ప్లాస్టిక్ గట్టు ఉంటుంది, రాంగ్ ర్యామ్ దిగకుండా అడ్డుపడటానికే అది పెట్టారు. టార్చి వేసి చూస్తే ఒక స్లాట్‌లో ఆ గట్టు పక్కకి ఒరిగి ఉంది, చివర క్లిప్ విరిగి వేలాడుతోంది. "గట్టిగ నొక్కితే పడతదని యూట్యూబ్‌ల చెప్పిండు" అన్నాడు. నిజమే, ర్యామ్‌ని కాస్త గట్టిగానే నొక్కాలి, కానీ సరైన ర్యామ్‌ని. ఇంతకీ గాటు ఒక్కటే తేడా అయితే ఎవరో ఒకరు అడాప్టర్ చేసి అమ్మేవాళ్లే, అసలు కరెంటు అందే పద్ధతే వేరు. డీడీఆర్4కి కావలసిన 1.2 వోల్టులు బోర్డే తయారుచేసి పంపిస్తుంది. డీడీఆర్5కి బోర్డు 5 వోల్టులు ఇచ్చి ఊరుకుంటుంది, దాన్ని 1.1కి తగ్గించుకునే చిప్ ర్యామ్ మీదే ఉంటుంది. ఈ ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌తో వచ్చిన తలనొప్పి ఇదే, ప్రాసెసర్‌కి రెండు రకాల ర్యామూ వచ్చు, అందుకని కంపెనీలు ఒకే పేరుతో రెండు రకాల బోర్డులూ చేశాయి, పేరు చివర ఒక చిన్న డీ4 ఉంటే డీడీఆర్4 రకం, అది గమనించకపోతే అంతే సంగతులు.

మిగిలిన మంచి స్లాట్‌లో షాపులో ఉన్న డీడీఆర్4 ర్యామ్ ఒకటి పెట్టి, గ్రాఫిక్స్ కార్డు తీసేసి, బోర్డు హెచ్‌డీఎంఐకే మానిటర్ తగిలించి ఆన్ చేశాను. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. ర్యామ్ ఒక్కటే సమస్య కాదన్నమాట.

ఇక్కడ తారీఖులు గుర్తుండాలి. హెచ్610 బోర్డులు 2022 జనవరిలో, 12వ జనరేషన్ కాలంలో వచ్చాయి. 14వ జనరేషన్ వచ్చింది 2023 అక్టోబర్‌లో. అంటే మొదట్లో తయారై ఏ గోడౌన్‌లోనో పడున్న బోర్డుకి 14700 అంటే ఏంటో తెలీదు, సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది కానీ బయోస్, అంటే ఆన్ చేయగానే సామాన్లని గుర్తుపట్టి సిస్టమ్‌ని లేపే బోర్డులోని ప్రోగ్రామ్, దాన్ని గుర్తుపట్టదు. పేజీలో సపోర్ట్ అని రాసిన కంపెనీ వాడి ఉద్దేశం "కొత్త బయోస్ వేసుకుంటే" అని. ఆ నాలుగు ముక్కలు కింద ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ఏఎండీ వైపు కూడా 2020 చివర్లో రైజెన్ 5000 సిరీస్ వచ్చినప్పుడు బీ450 బోర్డులతో ఇదే తంతు, ఆ తర్వాతి ఏడాదంతా మా షాపుకి "డిస్‌ప్లే రావట్లేదు" అని వచ్చినవాటిలో చాలావాటికి జబ్బు ఏమీ లేదు, బయోస్ పాతది, అంతే.

కొన్ని బోర్డులకి వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించొచ్చు. దీనికి లేదు. అందుకే షాపులో ఒక ఐ3-12100 ఎప్పుడూ డ్రాయర్‌లో ఉంచుతాను, దాన్ని ఎవరికీ అమ్మను, అది నా పానా లాంటిది. అది పెట్టి బోర్డు లేపి, కంపెనీ సైట్‌లోంచి కొత్త బయోస్ దించి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి ఎక్కించాను, ఇన్వర్టర్ మీద పెట్టి మరీ. బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే ఏమవుతుందో ఒకసారి అనుభవమైంది, రెండోసారి అక్కర్లేదు.

14700కి బయోస్ కొత్తదే ఉండాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది, చాలామందికి తెలిసినా పట్టించుకోరు. 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజి అవసరానికి మించి వెళ్లి చిప్ మెల్లమెల్లగా పాడయ్యే సమస్య బయటపడింది, 2024లో ఇంటెల్ ఒప్పుకుని ఆగస్టులో 0ఎక్స్129 అని, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ అని మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ నడతని సరిదిద్దే చిన్న ప్రోగ్రాములు) ఇచ్చింది, బాక్స్‌లో వచ్చే ప్రాసెసర్లకి వారంటీ మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచింది. ఆ మైక్రోకోడ్ మనకి వచ్చేది బోర్డు కంపెనీ ఇచ్చే బయోస్ ద్వారానే. ఒకసారి పాడైన చిప్‌ని అది బాగుచేయదు, పాడవకుండా కాపాడుతుంది, అంతే. కాబట్టి ఈ ప్రాసెసర్లకి బోర్డు చూసేటప్పుడు నేను సైట్‌లో ఆ మోడల్ డౌన్‌లోడ్ పేజీ తెరిచి, చివరి బయోస్ ఎప్పటిదో చూస్తాను. 2024 ఆగస్టు తర్వాతది ఒక్కటీ లేకపోతే ఆ బోర్డు జోలికి వెళ్లను.

బయోస్ ఎక్కాక 14700 పెట్టాను, లేచింది. కుర్రాడి మొహం వెలిగింది. "వచ్చింది గదన్నా, ర్యామ్ వాపస్ ఇచ్చేసి డీడీఆర్4 కొనుక్కుంటా, ఇదే నడిపిద్దాం". ఇక్కడ సరే అనేస్తే నాకు ఆ పూట పని అయిపోయేది, కూలి వచ్చేది, శ్రావణంలో అర్ధరాత్రి ఫోన్ కూడా వచ్చేది. ఒక గంట ఆగమన్నాను.

అతని పాత టవర్ కూలర్ దీనికి పట్టదు, అది పాత ఎల్‌జీఏ1151 కాలంది. అప్పటి బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ1700లో 78. కొత్త బ్రాకెట్ తెప్పించుకుంటే సరిపోతుంది కానీ అప్పటికప్పుడు దొరకదు, షాపులో టెస్టింగ్‌కి ఉంచిన టవర్ కూలర్ బిగించాను. అతని సొంత 4కే ఫైలు ఒకటి తీసుకుని, గ్రాఫిక్స్ కార్డు సాయం లేకుండా మొత్తం ప్రాసెసర్ మీదే ఎక్స్‌పోర్ట్ పెట్టాను, పక్కన వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచాను.

బాక్స్ మీద ఈ ప్రాసెసర్ 65 వాట్లని ఉంటుంది. అది బేస్ పవర్. ఇంటెల్ చెప్పే గరిష్ఠ టర్బో పవర్ 219 వాట్లు. ఎనిమిది పెద్ద కోర్లు, పన్నెండు చిన్న కోర్లు, 28 థ్రెడ్లు, అన్నీ ఒకేసారి పనిలో దిగితే అంత తాగుతుంది మరి. ఈ కరెంటంతా ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి 12 వోల్టుల్లో వస్తే, దాన్ని ప్రాసెసర్‌కి కావలసిన ఒకటిన్నర వోల్టు లోపుకి మార్చేది సాకెట్ పక్కన వరుసగా ఉండే వీఆర్‌ఎం. ఈ హెచ్610 బోర్డులో ఆ వరుస పొట్టిది, పైన హీట్ సింక్ కూడా లేదు, చిప్‌లు నగ్నంగా కనిపిస్తున్నాయి. మొదటి రెండు నిమిషాలు దర్జాగా 180 వాట్ల పైన నడిచింది. మూడో నిమిషంలో పడటం మొదలై వంద దగ్గరికి వచ్చి, అక్కడ కిందికీ మీదికీ ఊగుతూ ఉండిపోయింది. కూలర్ చాలట్లేదేమో అని ఎవరికైనా అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది, కానీ ఆ టైముకి ప్రాసెసర్ వేడి 70 డిగ్రీల చిల్లరే. వీఆర్‌ఎం సెన్సర్ చూస్తే 100 దాటింది. ప్రాసెసర్ చల్లగానే ఉంది, బోర్డే దాన్ని మోయలేక బరువు దించుకుంటోంది. మా అసిస్టెంట్ ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఆ మూలకి తిప్పి పెట్టాడు, వాట్లు మళ్లీ పైకి లేచాయి. ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కుర్రాడు కాసేపు ఫ్యాన్ వైపు, తెర వైపు చూసి, "ఐ7 పైసలు పెట్టి ఐ5 నడుపుకున్నట్టన్నమాట" అన్నాడు. నేను చెప్పాల్సింది అతనే చెప్పేశాడు.

పవర్ ఒక్కటే కాదు. లేన్లంటే కార్డులకి, ఎస్‌ఎస్‌డీలకి డేటా వెళ్లే దారులు. హెచ్610 చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్యమైన చిప్) నుంచి వచ్చేవన్నీ పీసీఐఈ 3.0 లేన్లే, ప్రాసెసర్ నుంచి నేరుగా ఎస్‌ఎస్‌డీకి వచ్చే 4.0 లేన్లు కూడా ఇందులో వాడుకోలేం. అంటే అతను కొన్న జెన్4, అదే పీసీఐఈ 4.0, ఎస్‌ఎస్‌డీ సగం వేగంతో నడుస్తుంది. ఆ ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఎం.2 స్లాట్ ఒక్కటే ఉంది, పాత 1 టీబీది ఎక్కడ పెట్టాలి? ర్యామ్ స్లాట్లు ఉన్నవి రెండు, అందులో ఒకటి అప్పటికే హరీమంది.

బోర్డు బదులు ప్రాసెసర్ మార్చొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆలోచించాను. సీల్ తీసిన ప్రాసెసర్‌ని ఎవరూ వాపస్ తీసుకోరు, అదొకటి. రెండోది, అతని కెమెరా 4:2:2 10-బిట్ హెచ్.265 అనే, రంగుల వివరం ఎక్కువ ఉండే ఫార్మాట్‌లో రికార్డు చేస్తుంది. ఆ ఫుటేజీని టైమ్‌లైన్‌లో ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఆర్టీఎక్స్ 3060 డీకోడ్ చేయలేదు, ఎన్విడియా కార్డులకి 4:2:2 వచ్చింది 50 సిరీస్ నుంచే. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ మాత్రం 11వ జనరేషన్ నుంచీ ఆ పని చేస్తుంది. అతను కొన్నది చివర ఎఫ్ లేని 14700, అంటే లోపల గ్రాఫిక్స్ ఉన్నది. తెలిసి కొన్నాడా అంటే లేదు, ఎఫ్ రకం ఆ రోజు స్టాక్ లేదట. అదృష్టం అలా ఉంటుంది ఒక్కోసారి. కాబట్టి ప్రాసెసర్ ఉంచుకోవాలి, దానికి తగ్గ బోర్డు వెతకాలి. పెట్టె ఖాళీగా వచ్చి ఉంటే ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్ వైపు కూడా చూసేవాణ్ని, ఎల్‌జీఏ1700కి 14వ జనరేషనే ఆఖరు, దీని తర్వాత 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రాకి సాకెట్టే వేరు. ఇదే మాట అతనికి ముందే చెప్పాను, ఈ బోర్డులో రేపు ఇంకా పెద్ద ప్రాసెసర్ అంటే ఐ9 తప్ప ఇంకేమీ ఉండదు తమ్మీ అని.

మొదటి బోర్డు, నా తప్పు

ర్యామ్ డీడీఆర్5 ఉంది కాబట్టి డీడీఆర్5 బోర్డు. ఓవర్‌క్లాకింగ్ (మామూలు వేగం కంటే పెంచి నడపడం) అక్కర్లేదు, ప్రాసెసర్ కూడా దానికి పనికొచ్చే కే రకం కాదు, కాబట్టి జెడ్790 చిప్‌సెట్ బోర్డు దండగ. బీ760 సరిపోతుంది. వీఆర్‌ఎం మీద రెండు వైపులా హీట్ సింక్ ఉండాలి, ఎం.2 కనీసం రెండు, హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగు, ఫ్లాష్‌బ్యాక్ బటన్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నాకు తెలిసిన హోల్‌సేల్ ఆయనకి ఫోన్ చేస్తే ఇవన్నీ ఉన్న మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు ఉందన్నాడు, సాయంత్రం బస్సు పార్శిల్‌లో వేస్తే తెల్లారి నా చేతికి వచ్చింది. విప్పి, ప్రాసెసర్ బిగించి, పని మొదలుపెట్టాను.

మధ్యాహ్నం కుర్రాడు వచ్చాడు, భుజానికి బ్యాగు. చూసి సంతోషపడి, బ్యాగులోంచి పాత పెళ్లికార్డుల కవరు ఒకటి తీశాడు, అందులోంచి ఒక కార్డు. "అన్నా, ఇది గూడ పెట్టాలె. లైవ్ కార్డు."

పెళ్లిళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడం కరోనా అప్పుడు మొదలై ఇప్పుడు ప్యాకేజీలో మామూలైపోయింది, అమెరికాలో ఉన్న మేనమామ తలంబ్రాలు అక్కణ్నుంచే చూడాలి. దానికి కెమెరా నుంచి వచ్చే హెచ్‌డీఎంఐని లోపలికి తీసుకునే క్యాప్చర్ కార్డు అది. అంచు చూస్తే ఎక్స్4, అంటే నాలుగు లేన్లది. నా టేబుల్ మీదున్న బోర్డులో గ్రాఫిక్స్ కార్డుకి ఒక ఎక్స్16 స్లాటు, ఇంకో రెండు ఎక్స్1 స్లాట్లు. ఎక్స్1 స్లాటు చివర మూసి ఉంటుంది, ఎక్స్4 కార్డు అందులో దిగదు. పోనీ దిగినా, గ్రాఫిక్స్ కార్డు మందం వల్ల అందులో ఒకటి దాని కిందే దాక్కుంటుంది.

నిన్నంతా అతని తప్పుల లెక్క రాసుకున్నవాణ్ని, నేను అడగాల్సిన ఒక్క ముక్క అడగలేదు. పెట్టెలో ఉన్నవే సామాన్లు అనుకున్నాను. "నీ పాత సిస్టమ్‌లో ఇంకేం బిగించి ఉన్నాయి" అని అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాడు, అతను దాచలేదు, అది కంప్యూటర్‌లో భాగమని అతనికి అనిపించలేదు, లైవ్ ఉన్నరోజు పెట్టి, లేనిరోజు పీకి బ్యాగులో వేసుకునే వస్తువు అది. యూఎస్‌బీ క్యాప్చర్ కొనుక్కోరాదా అన్నాను. రెండేళ్లుగా ఈ కార్డుతోనే అన్నీ సెట్ చేసి పెట్టుకున్నానని, మంటపంలో కొత్త ప్రయోగాలు చెయ్యలేనని అన్నాడు, అదీ న్యాయమే. హోల్‌సేల్ ఆయనకి ఫోన్ చేసి బతిమాలితే విప్పిన బోర్డు వాపస్ తీసుకున్నాడు కానీ కొంత కోసుకున్నాడు. ఆ కోత నేనే భరించాను.

రెండో బోర్డు

ఈసారి కొనకముందే మాన్యువల్ చదివాను. బాక్స్ కాదు, సైట్‌లో మొదటి పేజీ కాదు, మాన్యువల్ పీడీఎఫ్. స్లాట్ల పట్టిక కింద చిన్న గుర్తు పెట్టి ఒక లైను రాస్తారు చూడండి, అసలు బోర్డు ఏంటో అక్కడ తెలుస్తుంది.

ఎందుకంటే లేన్లు లెక్కగా ఉంటాయి, స్లాట్లు మాత్రం కంపెనీ ఎన్ని అతికిస్తే అన్ని. ప్రాసెసర్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకి 16, ఒక ఎస్‌ఎస్‌డీకి 4. బీ760 చిప్‌సెట్ నుంచి పీసీఐఈ 4.0 లేన్లు పది, 3.0 లేన్లు నాలుగు, సాటా నాలుగు. ఈ పద్నాలుగు లేన్లలోంచే రెండో ఎం.2, మూడో ఎం.2, మిగతా స్లాట్లు, నెట్‌వర్క్, వైఫై అన్నీ సర్దుకోవాలి. ఇద్దరన్నదమ్ములకి ఒకటే బండి ఉన్నట్టు, కొన్నిచోట్ల రెండు స్లాట్లకి కలిపి నాలుగే లేన్లు ఇస్తారు, ఒకటి వాడితే ఇంకోటి మూలన పడుంటుంది.

మూడు ఏటీఎక్స్ (పెద్ద సైజు) బోర్డులు చూశాను. మొదటిదాంట్లో కింద పొడవాటి ఎక్స్16 స్లాటు ఉంది, ఫోటోలో చూస్తే భేషుగ్గా ఉంది, మాన్యువల్‌లో చూస్తే దానికి ఇచ్చింది ఒకటే లేన్. పొడవు ఎక్స్16, లోపల ఎక్స్1. లైవ్ కార్డు దిగుతుంది కానీ 4కే సిగ్నల్‌కి దారి ఇరుకైపోతుంది. ఇలాంటి బోర్డులు బీ760లో చాలా ఉన్నాయి, స్లాటు పొడవు చూసి మోసపోవద్దు. రెండోదాంట్లో కింది స్లాటుకి నిజంగానే నాలుగు లేన్లు, కానీ ఆ నాలుగూ మూడో ఎం.2తో ఉమ్మడి, ఎం.2లో ఎస్‌ఎస్‌డీ పెడితే స్లాటు పనిచేయదని కింద రాసుంది. మూడోదాంట్లో ఏ తిరకాసూ లేదు, కానీ అది డీడీఆర్4 బోర్డు. నవ్వొచ్చింది.

అతనికి ఎస్‌ఎస్‌డీలు రెండే. మొదటి రెండు ఎం.2లూ ఫుల్ జెన్4, అందులో మొదటిది నేరుగా ప్రాసెసర్‌కే. మూడోది ఖాళీగా ఉంటే లైవ్ కార్డుకి ఇబ్బంది లేదు. రెండోదే తెప్పించాను. బిగించే ముందు అతన్ని కూర్చోబెట్టి అడిగాను, ఇంకేం కార్డులున్నాయి, ఇంట్లో ఏమైనా ఉన్నాయా, మీ నాన్న టీవీ వెనక ఏమైనా ఉందా, అన్నీ. నవ్వాడు కానీ ఏమీ లేవని ఒట్టేశాడు.

బిగింపులో చెప్పుకోవాల్సినవి కొన్నే. ఏటీఎక్స్ బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 బై 244, అతని పాత క్యాబినెట్ పెద్దదే కాబట్టి పట్టింది, కానీ అంతకుముందు అందులో చిన్న బోర్డు ఉండేది, కింద బోర్డుని ఎత్తి పట్టే ఇత్తడి స్టడ్లు కొత్త రంధ్రాలకి తగ్గట్టు మార్చి బిగించాలి, రంధ్రం లేనిచోట ఒక్క స్టడ్ మిగిలిపోయినా బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ పక్కన పడేశాను, ప్రాసెసర్ 219, కార్డు 170, నాలుగు డిస్కులు, ఇంకెక్కడ సరిపోతుంది, 650 వాట్లది వేశాను. బోర్డు మీద ప్రాసెసర్ పవర్‌కి ఒక 8 పిన్, పక్కన ఇంకో 4 పిన్ ఉంది, ఆ నాలుగు పిన్నులవి ఖాళీగా వదిలేశావేంటన్నా అని అడిగాడు. ఈ ప్రాసెసర్‌కి 8 పిన్ చాలు. పాత కూలర్ పక్కన పెట్టేసి ఎల్‌జీఏ1700 బ్రాకెట్‌తో వచ్చే టవర్ కూలర్ కొత్తది వేశాం.

బయోస్ ఈసారి తేలిక. ఫైలు పేరు మాన్యువల్‌లో చెప్పినట్టు మార్చి, పెన్‌డ్రైవ్‌ని వెనక గీత గీసి ఉన్న పోర్టులోనే పెట్టి, 24 పిన్, 8 పిన్ తగిలించి బటన్ నొక్కితే లైటు మినుకుమినుకుమంటూ ఐదారు నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత ర్యామ్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటులో పెట్టి ఆన్ చేశాను.

నల్ల తెర.

అర నిమిషం. నిమిషం. కుర్రాడు నా వైపు చూడటం మానేసి నేల చూస్తున్నాడు. "ఏం కాదు, టీ తాగుదాం" అన్నాను. డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌తో టైమింగులు కుదుర్చుకుంటుంది, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు, నిమిషాలు పట్టొచ్చు, ఆ టైములో టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కి ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. చాలామంది ఇక్కడే బోర్డు పోయిందనుకుని వాపస్ పంపిస్తారు. బోర్డు మీద డీర్యామ్ అని రాసున్న చిన్న పసుపు లైటు వెలుగుతూనే ఉంది, అది వెలుగుతుంటే ఆగాలి. టీ సగంలో ఉండగా తెర మీద లోగో పడింది.

బయోస్‌లో మూడు పనులు చేశాను. ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ (ర్యామ్ కంపెనీ ముందే పెట్టిన వేగం సెట్టింగు) ఆన్ చేసి 5600 పెట్టాను, లేకపోతే 4800 దగ్గరే నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నా లోపలి గ్రాఫిక్స్ ఆగిపోకుండా మల్టీ మానిటర్ ఆప్షన్ ఆన్ చేశాను, ఇది మరిచిపోతే పైన చెప్పిన 4:2:2 కథంతా వృథా. మూడోది పవర్ లిమిట్. చాలా బోర్డులు డిఫాల్ట్‌గా లిమిట్ ఎత్తేసి 4096 వాట్లని పెడతాయి, అంటే నీ ఇష్టం వచ్చినంత తాగు అని. నేను కాసేపటి వరకు ఉండే షార్ట్ లిమిట్ 219, ఆ తర్వాత ఉండే లాంగ్ లిమిట్ 150 పెట్టాను, జనగామ ఎండలకి, అతని ఏసీ లేని గదికి అది చాలనిపించింది. మళ్లీ అదే ఫైలు, అదే ఎక్స్‌పోర్ట్. మొదట్లో ఎగిసి, తర్వాత 150 దగ్గర గీత గీసినట్టు నిలబడింది, అరగంట తర్వాత కూడా అక్కడే ఉంది. వీఆర్‌ఎం 70 దాటలేదు. టేబుల్ ఫ్యాన్ మా అసిస్టెంట్ దగ్గరే ఉండిపోయింది.

హెచ్610 బోర్డు ఏమైందంటే, ఒక జిరాక్స్ షాపు వాళ్లకి ఐ3-12100 కొత్తది, 16 జీబీ ర్యామ్ ఒకటి వేసి ఇచ్చాను, ఒక స్లాటు పనిచేయదని ముందే చెప్పి, ధర తగ్గించి. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆధార్ ప్రింట్లు తీస్తోంది, ఒక్క ఫిర్యాదు లేదు. ఆ బోర్డు చెడ్డదని నేనెప్పుడూ అనలేదు, ఐ3తో అది హాయిగా బతుకుతుంది, 14700 దాని నెత్తిన పెట్టడమే అన్యాయం.

సిస్టమ్ అప్పగించే రోజు మూడో ఎం.2 స్లాటు మీద పేపర్ టేపు అంటించి, దాని మీద స్కెచ్ పెన్నుతో "లైవ్ కార్డు ఉంటే ఇక్కడ ఏమీ పెట్టొద్దు" అని రాశాను. అతనికి చూపించాను, చదివించాను, ఫోటో కూడా తీయించాను.

శ్రావణం రెండో వారంలో రాత్రి పదింటికి ఫోన్. "అన్నా, పొద్దున ముహూర్తం ఉన్నది, లైవ్ కార్డు కనబడ్తలేదు."

"కొత్తగా ఏం పెట్టినవ్ తమ్మీ?"

కాసేపు మాట లేదు. "ఆఫర్ల ఒక ఎస్‌ఎస్‌డీ వచ్చిందన్నా. టేపు తీసి పెట్టిన."